ఏలియా బిగించిన అత్త

మొన్న మంచిర్యాల బస్టాండు వెనక పాత ఇనుప సామాన్ల దుకాణంలో అత్తను చూశాను. అత్త అంటే మనిషి కాదు లెండి. సైకిల్ పంపుతో చేసిన చిన్న యంత్రం. లారీ నడిపేవాడు కునుకు తీస్తే హారన్ మోగించి లేపుతుంది. ఎప్పుడూ సాధిస్తూ ఉంటుందని డ్రైవర్లు దానికి ఆ పేరు పెట్టారు. దుకాణంవాడు దాన్ని చేతిలో తిప్పుతూ, "గిది బొంబాయిల చేసిన మాల్ అమ్మా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. బొంబాయా! నా కళ్ళ ముందు, నా షెడ్డులో, నా లారీ మీద తయారైనదాన్ని పట్టుకుని బొంబాయి అంటాడా? నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికొచ్చాక, తిడితే లాభమేముంది, రాసి పెడదాం అనుకున్నాను.

నా పేరు జానకీబాయి. మాది లక్సెట్టిపేట. నా నోరు మంచిది కాదని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. చెప్పనీ. మూడు లారీలు, ఆరుగురు డ్రైవర్లు, అడవిలో వెదురు నరికే కూపు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు గేటు దగ్గర రోజూ పేచీలు, ఇవన్నీ ఇరవై ఏళ్ళు ఒంటి చేత్తో నడిపినదాన్ని. అలాంటి ఆడదాని నోరు తేనెలా ఉంటుందా? కానీ ఆ నోటితో ఒక్క మాట కూడా అనలేని మనిషి ఒకడున్నాడు. అన్నాను, చాలాసార్లు అన్నాను. ప్రతిసారీ తప్పు నాదే అయ్యింది.

ఏలియా 1969లో మా ఇంటికి వచ్చాడు. అప్పుడు మావారు రాజేశ్వర్‌రావు గారు ఉన్నారు. లారీ డైనమో చెడిపోతే మిషన్ కాంపౌండులో కరెంటు ఇంజన్ చూసుకునే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే పిలిపించారు. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో వచ్చాడు. వచ్చినవాడు పని చెయ్యడే! లారీ ముందు గొంతుక్కూర్చుని పది నిమిషాలు దాన్నే చూస్తున్నాడు. నాకు చిర్రెత్తింది.

"ఏందయ్యా, మొహం చూస్తే బాగైతదా?" అన్నాను.

"మొహం చూస్తెనే రోగం ఏడున్నదో తెలుస్తది, దొర్సానీ" అన్నాడు, తల తిప్పకుండానే.

ఆ తరవాత అరగంటలో బండి బాగుపడింది. అప్పటి నుంచి మా లారీల వైర్లు, బ్యాటరీలు, దీపాలు అన్నీ ఏలియా చేతిలోనే. ఏ యంత్రాన్నైనా విప్పే ముందు చూడటం ఆయన పద్ధతి. ఆ పద్ధతే చివరికి నన్ను కూడా విప్పింది.

1972లో మావారు పోయారు. జీపులో ఆసిఫాబాద్ నుంచి వస్తున్నారు. మిట్టమధ్యాహ్నం, తిన్నటి రోడ్డు, ఎదురుగా పురుగు కూడా లేదు. జీపు రోడ్డు దిగి కల్వర్టుకు గుద్దుకుంది. డ్రైవరు అంతయ్య బతికాడు. పదేళ్ళు మా ఇంట్లో తిన్న మనిషి. నా కాళ్ళ మీద పడి నిజం చెప్పాడు. "కన్ను అంటుకున్నది దొర్సానీ, నాకు తెల్వకుంటనే అంటుకున్నది" అన్నాడు. ఆ క్షణంలో వాడి గొంతు పిసికేద్దామనిపించింది. ఊళ్ళో ఉండనివ్వలేదు. శ్రీరాంపూర్ బొగ్గుబావుల వైపు పెళ్ళాంపిల్లలతో వెళ్ళిపోయాడు.

ఆ వారమే షెడ్డు గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాయించాను. "తాగి నడిపినవానికి నెల రోజులు బండి లేదు. నిద్రపోయినవానికి ఈ జన్మలో లేదు." మగవాళ్ళు తాగుతారు, ఏం చేస్తాం, నెల రోజులు కడుపు మాడితే బుద్ధి వస్తుంది అనుకున్నాను. నిద్ర మాత్రం క్షమించను. నా బొట్టు తుడిచింది నిద్రే కదా. ఎంత గొప్ప చట్టం చేశాననుకున్నానో! దాంతోపాటు ఒక పుస్తకం పెట్టాను. బండి ఎక్కడ రోడ్డు దిగినా తేదీ, గంట, చోటు, కారణం నా చేత్తోనే అందులో రాసేదాన్ని.

1976 ఎండాకాలంలో మొగిలి బండి రోడ్డు దిగింది. మొగిలి ఏలియాకు బామ్మర్ది, ఏలియా భార్య ప్రేమమ్మకు సొంత తమ్ముడు. నా డ్రైవర్లలో నెమ్మదైనవాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, భార్య సాయవ్వను వెంటబెట్టుకుని చర్చికి పోయేవాడు. వాళ్ళ సంఘంలో తాగుడు పెద్ద తప్పు. ఆ రోజు జన్నారం అవతలి కూపు నుంచి వెదురు వేసుకుని వస్తున్నాడు. క్లీనరు హనుమండ్లుకు జ్వరమొస్తే కూపులోనే ఆగిపోయాడు. తిన్నటి రోడ్డు మీద, పట్టపగలు మూడింటికి, లారీ ఎడమ పక్కకు దిగి, చేను దాటి, ఇప్పచెట్టుకు గుద్దుకుంది. మొగిలికి భుజం ఎముక విరిగింది.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "ఏమైందిరా?" అన్నాను.

తల వంచుకున్నాడు. "తాగిన, దొర్సానీ" అన్నాడు.

నేను ఇంటికొచ్చి పుస్తకంలో "తాగి నడిపాడు" అని రాశాను. అక్కడితో ఊరుకుంటే నేను జానకీబాయిని ఎందుకవుతాను? వాళ్ళ పాస్టరయ్యకు చిట్టీ కూడా రాసి పంపాను. "మీ సంఘం మనిషి మొగిలి పట్టపగలు తాగి నా బండిని చేనులో పడేశాడు. మీరు నేర్పించేది ఇదేనా?" అని. ఆ ఆదివారమే మొగిలిని సంఘంలో నిలబెట్టి అడిగారట. అక్కడా తాగాననే చెప్పాడు. ప్రభు భోజనం దగ్గరికి రావద్దన్నారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు అందరూ ముందుకు పోతుంటే వాడొక్కడూ వెనక గోడ దగ్గర నిలబడేవాడు. సాయవ్వ కూడా మొగుడి పక్కనే ఆగిపోయేది.

నాకు తొమ్మిది నెలల తరవాత తెలిసిన సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. మొగిలి ఆ రోజు చుక్క ముట్టలేదు. నిద్రపోయాడు. నిద్ర అంటే జన్మంతా బండి లేదు, తాగానంటే నెలే. నా గోడ మీది రాతను లెక్క చూసుకుని, తన పరువు పోగొట్టుకుని స్టీరింగ్ దక్కించుకున్నాడు. చెయ్యని పాపం మోస్తూ వెనక గోడ దగ్గర నిలబడ్డాడు.

ఏలియాకు మాత్రం మర్నాడే తెలిసిపోయింది. సైకిలు మీద ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం కూర్చుని చూశాడు. బండిని కాదు, నేలను. నేను లారీని లాగించడానికి మనుషులతో వెళ్ళేసరికి చేనులో తాడు పట్టుకుని ఉన్నాడు. టైరు జాడ పక్కనే తాడు ఒక కొస నుంచి ఇంకో కొసకు లాగి కట్టాడు. ముప్ఫై బారల పొడవున జాడ తాడును అంటుకునే ఉంది. వంకర లేదు, బ్రేకు తొక్కిన గీత లేదు. చెట్టు ఇంకా రెండు బారలుందనగా ఒక్కసారి కుడికి మలుపు.

"చూడున్రి దొర్సానీ" అన్నాడు ఉత్సాహంగా. "తాగినోడు స్టీరింగ్ ఇటింత అటింత గుంజుతడు. జాడ పాము లెక్క పోతది. గిది తాగినోని జాడ కానే కాదు. గీడ చెయ్యి కదలనే లేదు. ఆఖర్న..."

అక్కడ ఆగిపోయాడు. భుజానికి కట్టుతోనే నా వెంట వచ్చి చెట్టు కింద కూర్చున్న మొగిలి ఏలియా వైపు చూస్తున్నాడు. ఆ చూపు నేనూ చూశాను, కానీ అర్థం చేసుకునే తెలివి నాకెక్కడిది?

"ఆఖర్న ఏంది? చెప్పు" అన్నాను.

"తెల్వదు దొర్సానీ. ఇంకా చూడాలె" అని తాడు చుట్టుకున్నాడు.

నెల తరవాత మొగిలి మళ్ళీ బండెక్కాడు. ఏలియాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒకసారి ఇప్పచెట్టు అడ్డం వచ్చి ఆపింది. ఇంకోసారి చెట్టు బదులు గోదారి గట్టు వస్తే? నిజం నాకు చెబితే బామ్మర్ది నోట్లో మట్టి పడుతుంది. చెప్పకపోతే బామ్మర్ది ప్రాణం పోతుంది. ప్రేమమ్మ తరవాత నాతో చెప్పింది, ఆ నెలంతా ఆయన అన్నం సరిగా తినలేదట.

ఒక రోజు వచ్చి నా పుస్తకం అడిగాడు. మిషన్ బడిలో చదువుకున్నవాడే కాబట్టి గడగడా చదివేశాడు. రెండు రోజుల తరవాత తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాలుగేండ్లల బండ్లు రోడ్డు దిగింది పదకొండు సార్లు, దొర్సానీ. ఒకటి బ్రేకు ఒక దిక్కు పట్టి దిగింది. ఒకటి చక్రాల టై రాడ్ ఊడి దిగింది. రెండు వానల అంచు కుంగి దిగినయి. తక్కిన ఏడు తాగి అని రాసిన్రు. గా ఏడు ఏ గంటకు అయినయో చూసిన్రా? అన్నీ రెండు గొట్టిన కాంచి నాలుగింటి నడుమ. మిట్టమధ్యాన్నం ఎవడన్న తాగుతడా? తాగెటోడు పొద్దుగూకినంక తాగుతడు."

నా చేత్తో నేను రాసిన పుస్తకం. నాలుగేళ్ళుగా రాస్తున్నాను. ఒక్కసారైనా గంటల వరుస చూడలేదు. సిగ్గేసింది. నాకు సిగ్గు వేస్తే కోపంగా బయటికొస్తుంది.

"అంటే పండుకున్నరా? ఎవడు పండుకున్నడు? పేరు చెప్పు. ఇయ్యాలనే పంపిస్త."

ఏలియా నా మొహం వంక చూశాడు. లారీని చూసినట్టే చూశాడు. "పేరు చెప్ప. గందుకే ఎవ్వడు చెప్తలేడు. మీరు గోడ మీద నిద్రకు ఉరిశిక్ష రాసిన్రు. అంతయ్య నిజం చెప్పిండు, ఏమైండో అందరు చూసిన్రు. ఇగ ఎవని నోట్లెకెళ్ళి నిద్ర అన్న మాట వస్తది? రోగం పేరే చెప్పకుంటె నేను మందు ఏడికెళ్ళి తేవాలె?"

అంతయ్య పేరు ఎత్తేసరికి పుస్తకం మూసేశాను. పొమ్మన్నాను. గడప దాటి పొమ్మన్నాను. పోయాడు. మూడో రోజు మళ్ళీ వచ్చాడు, ఏమీ జరగనట్టు.

"పేర్లు అడగకున్రి. ఒక్క బండి ఇయ్యిన్రి. ఆర్నెల్లు. గంతే" అన్నాడు.

ఎందుకిచ్చానో నాకే తెలియదు. ఇచ్చాను.

నెల రోజులు డ్రైవర్ల పక్కన కూర్చుని తిరిగాడు. స్టీరింగ్ చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి దాన్నే చూస్తూ కూర్చునేవాడట. ఈయనకు పిచ్చి పట్టిందని డ్రైవర్లు నవ్వుకున్నారు. ఆయన కనిపెట్టింది ఇది. మెలకువగా ఉన్న మనిషి చెయ్యి ఊరికే ఉండదు. రోడ్డు ఎంత తిన్నగా ఉన్నా, తనకు తెలియకుండానే చక్రాన్ని ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు సర్దుతూనే ఉంటాడు. కళ్ళు తెరిచి ఉన్నా సరే, లోపల మనిషి నిద్రలోకి జారిన క్షణం ఆ సర్దడం ఆగిపోతుంది. చక్రం ఉత్త అదురుకే కొంచెం వణుకుతుంది, అంతే. మూడు గంటలకే లేచి వెదురు ఎత్తి, పన్నెండింటికి కడుపునిండా జొన్నరొట్టె తిని, కాళ్ళ దగ్గర ఇంజన్ సెగతో, ఒకటే మోతతో తిన్నటి రోడ్డు మీద పోయేవాడికి ఆ క్షణం వచ్చి తీరుతుందన్నాడు. అది వాడి బద్ధకం కాదన్నాడు.

తరవాత సైకిల్ పంపు పట్టుకొచ్చాడు. స్టీరింగ్ కడ్డీ పక్కన దాన్ని నిలువుగా బిగించి, లోపల ఆముదం పోశాడు. పంపు కడ్డీకి సీసం ముద్ద బరువు కట్టాడు. చక్రాన్ని రెండు వేళ్ళ మందం తిప్పితే చాలు, చిన్న గొలుసు ఆ కడ్డీని పైకి లాగుతుంది. చక్రం కదలకపోతే బరువుకు కడ్డీ ఆముదంలో నెమ్మదిగా దిగుతుంది. అడుగున ఇత్తడి రేకును తాకిందా, హారన్ మోగుతుంది. రోడ్డు అదురుకు గొలుసు కదలకుండా ఒక వేలి సందు వదిలాడు. ఇంత చేసినవాడికి ఇంజనీరు చదువు లేదు. చూడటం వచ్చు, అంతే.

మొదటిసారి బిగించినప్పటి తమాషా చెప్పాలి. అంగడి రోజు రామచంద్రం అనే డ్రైవరు బండి తీశాడు. సంత మధ్యలో మేకల మంద అడ్డం వచ్చి లారీ ఆగింది. ఆగిన బండిలో చక్రం ఎవరు తిప్పుతారు? హారన్ మొదలైంది. ఆగదే! మేకలు చెల్లాచెదరు. కమలవ్వ అనే ముసలామె గాజుల బుట్ట వదిలేసి రామచంద్రాన్ని ఏడు తరాలు తిట్టింది. వాడు భయపడి లారీ అక్కడే వదిలి పారిపోయాడు. ఊరంతా ఆ రోజు నన్ను చూసి నవ్వింది. నేను ఏలియాను పిలిచి చెడామడా తిట్టాను. అంతా విని, "మంచిగైంది దొర్సానీ, ఒక తప్పు దొరికింది" అన్నాడు. మర్నాటికి, నాలుగో గేరు పడితేనే కరెంటు అందేలా గేరు రాడ్డు దగ్గర ఒక రేకు పెట్టేశాడు.

ఇంకో చిక్కు వచ్చింది. పొద్దున ఒకటి, రెండు అని లెక్కపెడితే కడ్డీ దిగడానికి ఆరు అంకెలు పడతాయి. మధ్యాహ్నం నాలుగుకే దిగిపోతుంది. ఎండకు ఆముదం పలచబడుతోంది. వారం రోజులు పరేషాన్ అయ్యాడు, ఏ నూనె పోసినా అంతే. ఒక సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. "నాకు బుద్ధి లేదు దొర్సానీ. ఎండెక్కితె మనిషికి నిద్రొస్తది. ఎండెక్కితె గిది తొందరగ ఒర్లి హారన్ కొడ్తది. దీనికి నాకంటె ఎక్కువ తెల్సు. ఎందుకు బాగుచెయ్యాలె?" అన్నాడు. ఆముదం అలాగే వదిలేశాడు.

డ్రైవర్లకు మాత్రం అది మింగుడు పడలేదు. ఒకడు తీగ తెంపేశాడు, ఒకడు రేకు కింద అట్టముక్క పెట్టాడు. అత్త అన్న పేరు అప్పుడే పుట్టింది. మొగిలి దాన్ని తన బండి మీద పెట్టనివ్వనే లేదు. బావ చేసినదే అయినా, "నాకెందుకు బావా, నేను నిద్రపోనని అందరికి తెల్సు" అన్నాడు. ఆ హారన్ ఒక్కసారి మోగితే నిజం ఊరందరికీ తెలుస్తుందని వాడి భయం. ఏలియాకు ఆ భయం తెలుసు. అందుకే నా దగ్గరికి వచ్చాడు.

"మీరు ఒక్కసారి మొగిలి బండిల రావాలె. మీరు కూసుంటె వాడు అత్తను కాదనడు" అన్నాడు.

నాకూ లోపల అనుమానం పురుగులా తొలుస్తోంది. ఎవడు పడుకుంటాడో నా కళ్ళతో చూసి పట్టుకుందామనే వెళ్ళాను. అబద్ధం ఎందుకు, పట్టుకోవడానికే వెళ్ళాను.

1977 జనవరి. చలికాలమైనా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. కూపులో వెదురు ఎత్తి, అన్నాలు తిని బయల్దేరాం. మొగిలి స్టీరింగ్ దగ్గర, ఏలియా మధ్యలో, నేను కిటికీ పక్కన. దొరసాని లారీలో కూర్చుందని దారి పొడుగునా జనం ముక్కున వేలేసుకున్నారు. నేను మొగిలి కళ్ళనే చూస్తున్నాను. రెప్ప వేస్తే లెక్కపెడుతున్నాను. జన్నారం దాటాం. తిన్నటి రోడ్డు వచ్చింది. ఇంజన్ ఒకటే మోత. కాళ్ళకు వెచ్చగా సెగ తగులుతోంది...

హారన్!

ఉలిక్కిపడి చూస్తే మొగిలి చక్రాన్ని లాగి బండిని రోడ్డు మీదికి తెచ్చి ఆపేశాడు. ఎడమ చక్రాలు అప్పటికే మట్టిలో ఉన్నాయి. నా తల కిటికీకి కొట్టుకుని నుదురు బొప్పి కట్టింది. ఎందుకు కొట్టుకుందో తెలుసా? నేను నిద్రపోతున్నాను! కావలి కాయడానికి వచ్చిన నేను, నిద్రకు ఉరిశిక్ష రాయించిన నేను, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో ఇవాళ్టికీ చెప్పలేను.

మేలుకుని ఉన్నది ఏలియా ఒక్కడే. ఆయన చెయ్యి స్టీరింగ్‌కు జానెడు దూరంలో గాలిలో ఉంది.

"చూసుకుంట ఊకున్నవా? మమ్ముల సంపుదామనుకున్నవా?" అని అరిచాను.

"చెయ్యి ఈన్నే ఉన్నది దొర్సానీ. గది ఒర్లకపోతె నేను తిప్పెటోన్ని. గది ఒర్లుతదా లేదా చూడాలె కద."

మొగిలి దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. కాస్త అవతల ఇప్పచెట్టు కనిపిస్తోంది, మొదట్లో బెరడు లేచిపోయిన మచ్చతో. వాడు దాన్ని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"గా దినం గిట్లనే అయింది దొర్సానీ. తాగలే. దేవుని తోడు, చుక్క తాగలే. పండుకున్న. ఇగ నా బండి తీసుకోన్రి" అన్నాడు.

నేను వాడి పక్కన మట్టిలో కూర్చున్నాను. నా నుదుటి మీద బొప్పి ఉంది. నాకు అంతయ్య గుర్తొచ్చాడు. కన్ను అంటుకున్నది, నాకు తెల్వకుంటనే అంటుకున్నది. అయిదేళ్ళుగా ఆ మాట నాకు అబద్ధంలా వినిపించింది. నాకూ తెలియకుండానే అంటుకుంది కదా ఇప్పుడు! పిల్లలు గల మనిషిని ఊళ్ళోంచి తరిమేశాను. ఏడుపొచ్చింది. ముగ్గురిలో ఏడవనిది ఏలియా ఒక్కడే. ఆయన స్టీరింగ్ కడ్డీ మీదికి వంగి, కడ్డీ ఎన్ని అంకెల్లో దిగిందో మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడు.

మర్నాడు గోడకు సున్నం కొట్టించి కొత్త రాత రాయించాను. "నిద్ర వస్తే బండి ఆపు. పడుకో. లేచి రా. అడిగేవారు లేరు." మూడు లారీలకూ అత్తను బిగించాం. ఏలియాను శ్రీరాంపూర్ పంపి అంతయ్యకు కబురు పెట్టాను. వచ్చాడు. నేను చేతులు జోడిస్తే, "ఫికర్ చెయ్యకున్రి దొర్సానీ" అన్నాడు గాని నా మొహం చూడలేదు. షెడ్డు గేటు దగ్గర పని ఒప్పుకున్నాడు. స్టీరింగ్ మాత్రం మళ్ళీ ముట్టలేదు. అది నేను చేసిన గాయం, దానికి ఏలియా దగ్గర కూడా మందు లేకపోయింది.

ఆదివారం నేను చర్చికి వెళ్ళాను. మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఆ మెట్లు ఎక్కినవాళ్ళు కాదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి పాట ఆగిపోయింది. ఏలియా, ప్రేమమ్మ ముందు వరసల్లో ఉన్నారు. మొగిలి, సాయవ్వ వెనక గోడ దగ్గర.

"ఒక మాట చెప్పి పోత" అన్నాను పాస్టరయ్యతో. "నేను మీకు పంపిన చిట్టీ అబద్ధం. మొగిలి తాగలే. నిద్రపోయిండు. నిద్ర అంటె నేను బతకనియ్యనని తాగిన అన్నడు. వాని అబద్ధానికి నేనే కారణం. గోడ దగ్గర నిలబెట్టాలంటె నన్ను నిలబెట్టున్రి."

పాస్టరయ్య వెనక దాకా నడిచి వచ్చి మొగిలి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు. సాయవ్వ పోతూ పోతూ నా కొంగు పట్టుకుంది. "తాగిన వాసన లేదని నాకు గా దినమే తెల్సు దొర్సానీ. బండి పోతదని నోరు మూసుకున్న" అంది. తొమ్మిది నెలలు తెలిసి తెలిసి మొగుడితో పాటు గోడకు ఆనుకుంది ఆ తల్లి.

ఆ తరవాత పద్నాలుగేళ్ళలో నా బండ్లు రోడ్డు దిగింది మూడే సార్లు. మూడింటికీ కారణాలు పుస్తకంలో నిజంగా ఉన్నాయి. ఏలియా ఆ చుట్టుపక్కల అరవైకి పైగా లారీలకు అత్తను బిగించాడు. పంపు ఎవరిదైతే వాళ్ళదే, చేతి పనికి ఒక టీ తాగేవాడు, అంతే. ఎక్కడ లారీ పడిందని తెలిసినా తాడు పట్టుకుని సైకిలెక్కేవాడు. పోలీసులు కూడా, "ఏలియా వచ్చినంక జరుపుదం" అని బండిని కదిలించకుండా ఉంచేవారు. ఇన్ని ప్రాణాలు నిలబెట్టానని ఒక్కరోజూ అనలేదు. అడిగితే, "ఆముదం పనది" అనేవాడు.

1991 ఎండాకాలంలో కూపులో లారీ డైనమో విప్పుతూ గుండె ఆగి పోయాడు. విప్పే ముందు పది నిమిషాలు చూస్తూనే ఉన్నాడట. ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి మొగిలే బండి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. వెనక, తెల్లబట్ట కప్పిన ఏలియా పక్కన ప్రేమమ్మ, సాయవ్వ, సంఘం మనుషులు ఇరవై మంది. ముందు మొగిలి, నేను. రాత్రంతా ఏడ్చిన మనుషులం. మధ్యాహ్నం రెండైంది. జన్నారం దాటాం.

అత్త ఇంకా మోగలేదు. మొగిలి తనంతట తనే గేరు తగ్గించి, ఇప్పచెట్టు కింద బండి ఆపాడు.

"దొర్సానీ, నిద్రొస్తున్నది. జర పండుకుంట" అన్నాడు.

శవాన్ని పెట్టుకుని, ఇరవై మంది ఉండగా, గట్టిగా, తల వంచకుండా అన్నాడు. ఒకప్పుడు ఆ ఒక్క మాట అనలేకే చెయ్యని పాపం నెత్తిన వేసుకున్నవాడు.

బండి ఎందుకాగిందని వెనక నుంచి ఎవరో అడిగారు. నేను చెప్పేలోపే ప్రేమమ్మ గొంతు వినిపించింది.

"పండుకో తమ్మీ. మీ బావకు తొందరేం లేదు."

మొగిలి చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. అరగంట అందరం ఎండలో కూర్చుని, వాడు లేచేదాకా ఉన్నాం.